సొరుగులో పదకొండు రోజులు

దాలమ్మ ఎప్పుడొచ్చినా ఉత్తి చేతులతో రాదు. రెండువేల పంతొమ్మిది జనవరి చివర్లో ఆ ఆదివారం కూడా సంచీలో రెండు ఆనపకాయలు, పేపరులో చుట్టిన చిక్కుడుకాయలు పెట్టుకుని, విజయనగరంలో బస్సెక్కి బొబ్బిలిలో దిగి, జ్ఞానానందం ఇంటికి వచ్చింది. అప్పుడే అతను మందిరం నుంచి ఆరాధన ముగించుకుని వచ్చి కూర్చున్నాడు. అతను బాప్టిస్టు సంఘ పెద్ద. ఓ జిల్లా కార్యాలయంలో సూపరింటెండెంటుగా పనిచేసి రెండున్నరేళ్ల కిందట రిటైరయ్యాడు. అదే ఆఫీసులో దాలమ్మ అటెండరు.

ఈసారి ఆమె వెంట ఇంకో మనిషి ఉన్నాడు. పేరు నరేష్. ఆ ఆఫీసులోనే జూనియర్ అసిస్టెంటు. కొత్త పింఛను పద్ధతి రద్దు చేయాలని పోరాడుతున్న ఉద్యోగుల సంఘానికి జిల్లాలో కార్యదర్శి.

"రండి, కూర్చోండి," అన్నాడు జ్ఞానానందం. దాలమ్మ కుర్చీలో కూర్చోలేదు. అలవాటు ప్రకారం వసారా గట్టు మీద కూర్చుని, సంచీ అతని భార్య లీలారాణి చేతికిచ్చింది.

"అమ్మా, మా పాదు కాయలు. ఈ బాబు దయ నేకపోతే ఆ పాదూ నేదు, ఆ ఇల్లూ నేదు. మా పిల్ల గుంటలు ఎక్కడ అడుక్కుతినీవోరో."

జ్ఞానానందం ఆ మాట ఎన్నిసార్లు విన్నాడో లెక్కలేదు. విన్న ప్రతిసారీ వేరే ఏదో మాట ఎత్తుకునేవాడు. ఇప్పుడు కూడా, "టీ పెట్టు రాణీ," అన్నాడు.

నరేష్ ఫైలు విప్పాడు. "సార్, మన దాలమ్మ వచ్చే ఏడాది జూన్‌లో రిటైరవుతాది. ఆమె సర్వీసు పుస్తకం తీసి చూశాను. ఉద్యోగం ఆర్డరు మీద తేదీ రెండువేల నాలుగు ఆగస్టు ఇరవై నాలుగు. డ్యూటీలో చేరింది సెప్టెంబరు ఆరు. మధ్యలో సెప్టెంబరు ఒకటి ఉన్నాది."

ఆ ఒకటో తారీఖు సంగతి జ్ఞానానందానికి ఎవరూ చెప్పక్కర్లేదు. దానికి ముందు చేరినవాళ్లకు పాత పింఛను. సర్వీసును బట్టి నెలనెలా బతికినంతకాలం వస్తుంది. ధరలు పెరిగితే దానితోపాటు కరువు భత్యమూ పెరుగుతుంది. ఆ తేదీన గానీ ఆ తర్వాత గానీ చేరినవాళ్లకు కొత్త పద్ధతి. జీతంలో పదోవంతు కోసి, ప్రభుత్వం అంతే కలిపి, ఆ మొత్తాన్ని మార్కెట్టులో పెడుతుంది. చివరికి ఎంత తేలితే అంత. రిటైరయ్యాక దాలమ్మ చేతికి నెలకి ఎంతొస్తుందో నరేష్ ఓ కాగితం మీద వేసి చూపించాడు. మందులకు కూడా చాలదు.

"ఎలక్షన్లొస్తున్నాయి. ఒకరు కమిటీ వేశామంటన్నారు, ఒకరు గెలిస్తే రోజుల్లో రద్దు చేస్తామంటన్నారు. వాళ్లని నమ్ముకుని కూర్చుంటే ఈమెకి టైము లేదు సార్. అందుకే విడిగా అర్జీ పెడదామని. సంతకం ముందే అయింది, ఆర్డరు అందడంలో ఆలస్యం ఆఫీసుది, ఈమెది కాదు. అది తేల్చాలంటే అప్పటి సెక్షన్ గుమస్తా రాసివ్వాలి."

"మీరే కదా బాబూ అప్పుడు సెక్షన్ సూసినారు," అంది దాలమ్మ. "ఏటయ్యిందో రాసి ఓ సంతకం ఎట్టీయండి. మీ సేతి సలవే నాకు ఉద్దోగం ఇచ్చినాది. ఇదీ మీ సేత్తోనే అవ్వాల."

జ్ఞానానందం కళ్లజోడు తీసి తుడిచాడు. మళ్లీ పెట్టుకున్నాడు. నరేష్ ఇచ్చిన తెల్లకాగితం మీద ఆఫీసు భాషలో నాలుగు వరుసలు రాశాడు: పరిపాలనా కారణాల వల్ల ఉత్తర్వు అందజేయుటలో కొంత జాప్యము జరిగినది.

నరేష్ చదివాడు. "ఏ కారణాలు సార్?"

"పద్నాలుగేళ్లయిందయ్యా. గుర్తులేదు."

దాలమ్మ ఆ కాగితాన్ని రెండు చేతులతో అందుకుని కళ్లకద్దుకుంది.

*

అతనికి అంతా గుర్తుంది.

దాలమ్మ మొగుడు సోములు ఆ ఆఫీసులో కాపలా మనిషి. రెండువేల మూడులో కామెర్లతో పోయాడు. ఇంటిదానికి కారుణ్య నియామకం ఇవ్వాలి. ఆ ఫైలు జ్ఞానానందం బల్ల మీదికొచ్చింది. ఓ ధ్రువపత్రం తక్కువైందని కొన్నాళ్లు, ఆ తర్వాత ఎన్నికల నియమావళి వచ్చిందని కొన్నాళ్లు అక్కడే పడుకుంది. ఎన్నికలైపోయాయి, ప్రభుత్వం మారింది, వానలు పడ్డాయి, ఫైలు కదల్లేదు. దాలమ్మ వచ్చేది, గోడ వారన నిలబడేది, పోయేది.

ఆగస్టులో ఓ మంగళవారం ఆమె గోడ వారన నిలబడలేదు. తిన్నగా ఆఫీసరు గదిలోకి వెళ్లి ఏడ్చింది. ఆఫీసరు బెల్లు కొట్టి జ్ఞానానందాన్ని పిలిపించాడు. ఆమె ముందూ, గదిలో కూర్చున్న కాంట్రాక్టర్ల ముందూ నిలబెట్టి, "ముండమోసిన మనిషిని ఏడాది తిప్పుతారా? ఇంట్లో అన్నం తింటున్నారా?" అన్నాడు. సాయంత్రానికి ఫైలు పెట్టించి సంతకం చేసేశాడు.

ఆ సంతకమైన ఉత్తర్వుని జ్ఞానానందం తన సొరుగులో పెట్టి తాళం వేశాడు. నన్ను దాటి వెళ్లింది కదా, ఇంకో పది రోజులు తిరగనీ, ఈ బల్లంటే ఏమిటో తెలుస్తుంది అనుకున్నాడు. అంతే. లంచం అడగలేదు. ఇంకెవరి కోసమో ఆపలేదు. ఆ వారంలో ఆమె రెండుసార్లు వచ్చి, "బాబూ, అయ్యిందేటి?" అని అడిగింది. "ఇంకా సంతకం కాలేదు," అన్నాడు రెండుసార్లూ. కోపం చల్లారాక, సెప్టెంబరు నాలుగు శనివారం నాడు తీసి ఇచ్చాడు. సోమవారం ఆమె చేరింది.

మూడు వారాలకు సర్కారు ఉత్తర్వొకటి వచ్చింది. సెప్టెంబరు ఒకటి నుంచి చేరినవాళ్లందరికీ కొత్త పింఛను. గడిచిపోయిన తేదీ నుంచి అమలు. అది చదివినప్పుడు జ్ఞానానందం కుర్చీలో వెనక్కి వాలాడు. ఆ మధ్యాహ్నమే ఆఫీసరు దగ్గరికెళ్లి "తప్పు నాది" అని ఉంటే ఏదో దారి దొరికేది. ఆఫీసరు మంచివాడు, వ్యవహారం పచ్చిగా ఉంది. లేచి తలుపుదాకా వెళ్లాడు కూడా. మళ్లీ ఆ నోటితో మాట పడాలా అనిపించి వెనక్కొచ్చాడు. దాలమ్మ సర్వీసు పుస్తకం తీసి, కొత్త పద్ధతి వర్తించును అని తన ముత్యాల్లాంటి అక్షరాలతో తనే రాశాడు.

ఆ తర్వాత పన్నెండేళ్లూ ఆమెను ఎంతో బాగా చూసుకున్నాడు. బరువు పనులు చెప్పలేదు. కూతురి పెళ్లికి సెలవు కావాలంటే తనే రాసిపెట్టాడు. తన పదవీ విరమణ సభలో ఆమె మైకు పట్టుకుని, "నాకు బతుకిచ్చిన దేవుడు" అని ఏడిస్తే, అందరిచేతా చప్పట్లు కొట్టించుకున్నాడు.

*

వాళ్లు వెళ్లాక అతను బీరువాలోంచి పింఛను నిబంధనల పుస్తకం తీశాడు. రిటైరైన మనిషి మీద, నాలుగేళ్లు దాటిన పాత విషయంలో శాఖాపరమైన విచారణ మొదలుపెట్టడానికి లేదు. అది ముందే తెలుసు, అయినా వేలు పెట్టి ఒక్కో మాటా చదివాడు. తన పింఛనుకేమీ కాదు. గుండె తేలికపడింది. తేలికపడిందని తెలియగానే ఒళ్లంతా చీదరగా అయిపోయింది. ముందు వెతికింది దీన్నా అనుకున్నాడు.

లీలారాణి గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు నర్సుగా చేసిన మనిషి. ఎదుటివాడు ఎక్కడ నొప్పి దాస్తున్నాడో చూపుతోనే పట్టేస్తుంది.

"గుర్తులేదన్నారు," అంది. "ఎనభయ్యేడు నాటి ఫైలు నంబర్లు ఇప్పటికీ అప్పజెప్తారు మీరు. ఏటండీ సంగతి?"

చెప్పాడు. పుస్తకం మూసి, నేల చూస్తూ, మొత్తం చెప్పాడు. అయ్యాక ఆమె వంటింట్లోకి వెళ్లింది. కత్తిపీట చప్పుడు వినిపించలేదు. కాసేపటికి అక్కణ్నుంచే అంది:

"పద్నాలుగేళ్లుగా ఆవిడ కాయలు తింటన్నాం. నాక్కూడా తినిపించారు."

ఆ రోజు చారన్నంతో సరిపెట్టింది. ఆనపకాయలు పీట మీదే ఉన్నాయి.

*

మర్నాడు పొద్దున్న అతను విజయనగరం వెళ్లాడు. ఆఫీసులో మెట్ల కింద దాలమ్మ గ్లాసులు కడుగుతోంది. అతన్ని చూసి గబగబా చేతులు తుడుచుకుని, ఓ స్టూలు లాగి కొంగుతో దులిపింది.

"కబురెడితే నానే రానా బాబూ? కూకోండి."

"నిలబడే చెప్తాను దాలమ్మా." స్టూలు పక్కకి జరిపాడు. "నీ ఆర్డరు ఆఫీసులో ఎక్కడా ఆగలేదు. ఇరవై నాలుగునే సంతకమైంది. నేనే నా సొరుగులో పెట్టాను. కావాలని పెట్టాను."

ఆమె నవ్వింది. "ఊరుకోండి బాబూ. మీరా?"

"నువ్వు రెండుసార్లు అడిగావు. సంతకం కాలేదన్నాను. అప్పటికే అయిపోయింది."

నవ్వు మొహం మీద కొంచెంసేపు అలాగే నిలిచి, నెమ్మదిగా పోయింది. "నానేటి సేసినాను?"

ఆ కారణం అతను పైకి చెప్పడం అదే మొదటిసారి కాదు, ముందురోజు లీలారాణికి చెప్పాడు. కానీ దాలమ్మ మొహం చూస్తూ చెప్పబోతే అది ఎంత చిన్నదో తెలిసింది. "నాతో చెప్పకుండా ఆఫీసరు గదిలోకి వెళ్లావు. ఆయన నన్ను నలుగురిలో మాటన్నాడు."

ఆమె గుర్తు తెచ్చుకోడానికి ప్రయత్నించింది. నుదురు ముడిపడింది. "నానెల్లినానా? ఏమో బాబూ. ఆ దినాల్లో ఏ గదిలోకి ఎల్లినానో, ఎవుల కాళ్లు పట్టుకున్నానో నాకే తెల్దు. ఇంట్లో గింజల్నేవు. సిన్నదానికి జొరం." ఓ గ్లాసు తీసి పక్కన పెట్టింది. "సరే, కోపమొచ్చినాది, ఎట్టీసినారు. మరి ఆ ఒకటో తారీకు సంగతి తెలిసినాకన్నా సెప్పలేదేటి?"

అతను భయపడిన ప్రశ్న అదే. "సిగ్గేసింది," అన్నాడు.

"మీకు సిగ్గేసింది." ఆమె ఆ మాటని నోట్లో తిప్పి చూసుకున్నట్టు మళ్లీ అంది. "మీ రిటైరుమెంటు దినాన్న నాను మైకులో అంత సెప్పినాను. అప్పుడు కూడా సిగ్గేసినాదేటి?"

ఆమె కొంగు దోపుకుని కుళాయి తిప్పింది.

"అందరి ముందు నన్నెర్రిదాన్ని సేసినారు బాబూ. ఆర్డరు కన్నా అది ఎక్కువైపోనాది నాకు. ఇప్పుడు ఈ మెట్లెక్కి దిగినోళ్లందరికీ నాను సెప్పుకున్న మాటలు గురుతొస్తన్నాయి." గ్లాసులు మళ్లీ కడగడం మొదలుపెట్టింది. కడిగినవే కడిగింది.

"నా పింఛనులో నెలనెలా కొంత—"

"మీ డబ్బు నాకేటికి?" ఆమె గొంతు మొదటిసారి లేచింది. "నాను పని సేసినాను. నా పనికి నాకు రావలసింది నాకు రావాల. ఎల్లి ఆ నరేష్ బాబుకాడ ఉన్నదున్నట్టు రాయండి."

నరేష్ గదిలో కూర్చుని అతను రెండు పేజీలు రాశాడు. పరిపాలనా కారణాలు అన్న మాట ఎక్కడా వాడలేదు. ఏ తేదీన సంతకం, ఏ సొరుగు, ఎన్ని రోజులు, ఏ అబద్ధం ఎన్నిసార్లు, ఆ తర్వాత ఎందుకు చెప్పలేదు, అన్నీ రాశాడు. నరేష్ చదువుతున్నంతసేపూ కళ్లెత్తలేదు. ఇన్నాళ్లూ 'సార్, టీ తాగుతారా' అని అడగకుండా ఉండని మనిషి ఆ రోజు అడగలేదు. "ప్రతి పేజీ కింద సంతకం పెట్టండి," అన్నాడంతే.

బయటికి వస్తుంటే పాత సహోద్యోగులు ఇద్దరు ఎదురై, "ఏటి గురూగారూ, ఇలా వచ్చారు?" అని చెయ్యి కలిపారు. ఇంకో గంటలో వీళ్లకూ తెలుస్తుంది అనుకుంటూ చెయ్యిచ్చాడు.

*

అర్జీ పై ఆఫీసుకి వెళ్లింది. మార్చిలో ఎన్నికల నియమావళి వచ్చి అన్నీ ఆగిపోయాయి. సభల్లో పింఛను మాట వినని రోజు లేదు. టీ దుకాణాల దగ్గర టీచర్లు, గుమస్తాలు ఎవరి మాట నమ్మాలో వాదించుకున్నారు.

ఏప్రిల్ పదకొండున జ్ఞానానందం, లీలారాణి ఓటు వేయడానికి వీధి చివరి బడికి వెళ్లారు. వరుస నెమ్మదిగా కదిలింది. లోపల రెండో బల్ల దగ్గర, పోలింగు డ్యూటీ మీద విజయనగరం నుంచి పంపిన సిబ్బందిలో, సిరా సీసా ముందు పెట్టుకుని దాలమ్మ కూర్చుని ఉంది.

ఆమె అతన్ని చూసింది. మొహంలో ఏమీ మారలేదు. అతను ఎడమ చెయ్యి చాపాడు. ఆమె చూపుడు వేలు పట్టుకుని, గోటి మీంచి చర్మం దాకా గీత గీసింది. అతని వేలు కొంచెం పక్కకి జరిగింది.

"కదపకండి," అంది. బాబూ అనలేదు.

వెనకే ఉన్న లీలారాణి చెయ్యి అందుకున్నప్పుడు మాత్రం దాలమ్మ, "బాగున్నారా అమ్మా?" అని నెమ్మదిగా పలకరించింది. లీలారాణి కళ్లు తుడుచుకుంటూ ముందుకి జరిగింది.

ఓటు వేసి అతను బయటికి రాబోతుంటే దాలమ్మ పిలిచింది. "సోమారం నరేష్ బాబు రమ్మన్నారు. ఇంకో కాయితం మీద మీ సంతకం కావాలట."

"వస్తాను."

"టైముకి రండి."

వెనక నిలబడ్డ కుర్రాళ్లకి ఆ మాటలో ఏమీ వినపడి ఉండదు. జ్ఞానానందం చెవులు మాత్రం వేడెక్కిపోయాయి. సోమవారం మొదటి బస్సుకే వెళ్లాడు.

*

ప్రభుత్వం మారింది. చెప్పిన రోజులు గడిచాయి. రద్దు కాలేదు, కొత్త కమిటీ ఒకటి వేశారు. దాలమ్మ అర్జీకి ఆగస్టులో జవాబొచ్చింది: ఉత్తర్వు తేదీతో నిమిత్తం లేదు, విధుల్లో చేరిన తేదీయే ప్రమాణం. జాప్యానికి బాధ్యులైన వ్యక్తి పదవీ విరమణ చేసినందున చర్యకు అవకాశం లేదు. ఆ రెండో వాక్యం చదివి నరేష్ కాగితాన్ని మడిచేశాడు. దాలమ్మ దాన్ని తీసుకుని, మళ్లీ విప్పి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుకుంది. కోర్టుకి వెళ్దామన్నాడు నరేష్. "ఎల్దాం," అంది. ఆమె పాదు కాయలు బొబ్బిలికి మరి రాలేదు.

డిసెంబరులో శ్రీకాకుళంలో ఉద్యోగుల సంఘం సభ పెట్టింది. రెండు జిల్లాల్లోనూ వెతికితే దాలమ్మ లాంటివాళ్లు ఇంకో పదహారు మంది తేలారు. ఉత్తర్వు సెప్టెంబరు ఒకటికి ముందు, చేరిక తర్వాత. "వాళ్ల ముందు మీరోసారి చెప్పాలి," అని నరేష్ ఫోన్ చేశాడు. "మీ కాగితం చూపిస్తే నమ్మట్లేదు. ఏ గుమస్తా అయినా అలా రాసిస్తాడా అంటన్నారు."

నాగావళి ఒడ్డున ఓ చిన్న హాలు. ఎర్ర కుర్చీలు. దాలమ్మ మూడో వరుసలో కూర్చుని ఉంది. జ్ఞానానందం మైకు ముందు నిలబడ్డాడు. మందిరంలో ముప్పై ఏళ్లుగా వాక్యం చదివిన గొంతు, అక్కడ తడబడుతూ సాగింది. మూడు నిమిషాల్లో ముగించాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ తిట్టలేదు. దాలమ్మ అతను మాట్లాడినంతసేపూ ఒళ్లో చేతులు చూసుకుంటూనే ఉంది. అతనికప్పుడు అర్థమైంది, తను చెప్పుకున్న ప్రతిసారీ ఆమె కూడా ఆ ఆఫీసు గోడ వారన మళ్లీ నిలబడాల్సి వస్తోందని.

దిగి వస్తుంటే వెనక వరుసలోంచి ఓ నడివయసు ఆవిడ లేచింది. ఏదో బళ్లో ఆయా పని చేస్తానంది. పేరు జగ్గమ్మ.

"బాబూ, నా కాయితం కూడా ఇలగే ఆగినాది. పంతొమ్మిది దినాలు. ఆ సెక్షన్ బాబు పేరు నాకు తెల్సు. ఇల్లూ తెల్సు. పాలకొండ రోడ్డులో మేడ. బతికే ఉన్నాడు, పింఛనందుకుంటన్నాడు." గొంతు తగ్గించింది. "ఆయనా మీలాగ వచ్చి సెప్తాడేటి?"

జ్ఞానానందం ఆమె మొహంలోకి చూశాడు. తను అయితే, రెండు ఆనపకాయలు పట్టుకుని మనిషి గుమ్మంలోకి వచ్చిన రోజు కూడా, గుర్తులేదనే అన్నాడు.

"తెలీదమ్మా," అన్నాడు. "ఆయన ఇల్లెక్కడో చూపించు. నేను వెళ్లి అడుగుతాను."